వాడిన మొక్కకు దాహమా, ముంపా?

ఇంటి ముంగిట పెంచుకొను మొక్క ఒకనాటి ఉదయమున తలవాల్చి కనిపించినచో ఇంటిల్లిపాదికిని మనస్సు కలతపడును. అది తులసి యైనచో చెప్పనక్కరయే లేదు. అట్టి సమయమున మన చేయి మొదట పోవునది నీళ్ళ చెంబు వైపునకే. ఈ తొందరపాటు వలన మేమొక తులసిని పోగొట్టుకొంటిమి. ఆ పాఠము వలన రెండవదానిని దక్కించుకొంటిమి.

మేముండునది బోధను ప్రాంతమున. మంజీరా నదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయపు కాలువలు ఈ సీమ నల్లరేగడిలో వరిని, చెఱకును పండించినవి. ఈ మట్టి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని బీటలు వాఱును, పీల్చిన నీటిని త్వరగా విడువదు. పొలమున మేలుచేయు ఆ గుణమే కుండీలో కీడుచేయును. మేము చేనిమట్టినే తెచ్చి కుండీ నింపితిమి. ప్రాతఃకాలమున అత్తగారొక చెంబు, పిదప కోడలొక చెంబు, సాయంకాలము దీపము పెట్టువేళ పిల్లలొక చెంబు పోయుచుండిరి. ఎవరి భక్తి వారిది. లెక్క మాత్ర మెవరికిని లేదు. ఆకులు వ్రేలాడగానే మఱి రెండు చెంబులు పోసితిమి. వారము దినములలో మొక్క చచ్చినది. పెకలించి చూడగా వేళ్ళు గోధుమరంగున మెత్తబడి దుర్గంధము కొట్టుచుండెను.

నీట మునిగిన మొక్క నీరందక వాడుట వింతగా తోచును. కాని వేళ్ళును శ్వాసించును. మట్టి రేణువుల సందులందలి గాలినుండి ప్రాణవాయువును గ్రహించినగాని అవి చక్కగా పనిచేయజాలవు. నీటిలో ప్రాణవాయువు వ్యాపించు వేగము గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు తక్కువ. సందులన్నియు నీటితో నిండినచో వేళ్ళకు ఊపిరాడదు. బలహీనపడిన వేళ్ళను పిథియము మొదలగు సూక్ష్మజీవులు కుళ్ళజేయును. ఈ జిల్లా పసుపు రైతులెఱిగిన దుంపకుళ్ళు తెగులు కూడ అట్టిదే. వేరు చెడిన పిమ్మట చుట్టును నీరున్నను ఆకునకు అందదు. అందుచేత దాహమున వాడిన మొక్కయు, ముంపున వాడిన మొక్కయు పైకొక్క తీరుననే కనిపించును.

కావున చెంబెత్తుటకు ముందు వ్రేలిని రెండు కణుపుల లోతున మట్టిలో గ్రుచ్చి చూడవలెను. పొడిగానుండి కుండీ తేలికగా తోచినచో, ఆకులు పెళుసుబాఱినచో అది దాహము. మట్టి చల్లగా జిగటగా నుండి, క్రింది ఆకులు పసుపుబాఱి మెత్తబడినచో అది ముంపు. ఆకుల అడుగున తెల్లని పిండినల్లి కలదేమోయనియు చూడవలెను. ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకు మే మాసపు మధ్యాహ్నమున వాడి, మట్టిలో తడి యుండగా సాయంకాలమునకు తేఱుకొనునది రోగము కాదు, నీడ చాలును.

దాహమైనచో పైనుండి పోసిన నీరు చాలకపోవచ్చును. ఎండిన రేగడి కుండీ అంచును విడిచి కుంచించుకొనుటచే, నీరా సందునుండి జాఱి అడుగు రంధ్రమున వెలికిపోవును. నడుమనున్న వేళ్ళు తడియవు. కుండీని నీళ్ళ తొట్టిలో నుంచి, బుడగలు వచ్చుట నిలిచిన పిదప తీసి నీరోడనీయవలెను.

ముంపైనచో వెంటనే నీరాపి నీడకు మార్చవలెను. మట్టి ఆఱకున్నచో మొక్కను వెలికిదీసి, కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తొలగించి, తెల్లని గట్టి వేళ్ళను నిలుపుకొనవలెను. రేగడి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమభాగములుగా కలిపి క్రొత్తగా నాటవలెను. అడుగు రంధ్రముపై ఒక పెంకు చాలును. కంకర పొర వలన నీరు త్వరగా దిగదు. తగ్గిన వేళ్ళకు తగినట్లు కొమ్మలను కొంత కత్తిరించవలెను. క్రొత్త చిగురు కనిపించువఱకు యూరియా మొదలగు ఎరువులు వేయరాదు. లవణము వేళ్ళలోని నీటిని వెలికి లాగును. కాండమును గోటితో గీరినపుడు ఆకుపచ్చ కనిపించినచో ఆశ కలదు.

రెండవ తులసి తలవాల్చినపుడు మే మీ విధముననే చేసితిమి. మూడు వారములకు కణుపులయందు చిగుళ్ళు పొడమినవి. ఇపుడు మా యింట నీరు పోయు బాధ్యత ఒక్కరిదే. తక్కినవారు ఉద్ధరిణెడు సమర్పించి ప్రదక్షిణము చేయుదురు. భక్తికి కొఱత లేదు, వేరునకు ఊపిరి కలదు. పదును చూడక తూము తెఱవని కాలువక్రింది రైతు వివేకమే కుండీ మొక్కకును ప్రాణరక్ష.