గురువు పేరు పక్కన శిష్యుని పేరు
పరిశోధనలో భాగస్వామ్యానికి నిదర్శనం ఫిస్కే-సుబ్బారావు పద్ధతి

భీమవరం: రక్తం వంటి నమూనాల్లో భాస్వరం పరిమాణాన్ని కొలిచే ఒక విధానాన్ని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’గా చదువుకుంటారు. ఈ జంటపేరులో మొదటిది హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు సైరస్ ఫిస్కేది. రెండవది 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుది. ఈ పద్ధతిని వివరించిన పత్రం 1925లో వెలువడే నాటికి సుబ్బారావు ఇంకా డాక్టరేటు అందుకోని విద్యార్థే కావడం విశేషం. డిగ్రీ స్థాయిలోనే పరిశోధనకు చోటు లభించిన నేటి తరుణంలో, అధ్యాపకులు, విద్యార్థులు భాగస్వాములుగా పనిచేయడమంటే ఏమిటో ఈ ఉదంతం విశదపరుస్తుంది.

కొలత నుంచి ఆవిష్కరణకు..

మద్రాసులో వైద్యవిద్య అభ్యసించిన సుబ్బారావు ఆ తర్వాత బోస్టన్ చేరారు. ఉష్ణమండల వ్యాధుల అధ్యయనంలో డిప్లొమా పొంది, అనంతరం ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. వారు రూపొందించిన విధానం సరళమైనది. ఆమ్లం కలిసిన నమూనాకు మాలిబ్డేట్ చేర్చితే అది ఫాస్ఫేట్‌తో సంయోగం చెందుతుంది. ఆపై తగిన క్షయకరణిని కలిపితే నీలిరంగు ఏర్పడుతుంది. రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని లెక్కిస్తారు.

కండరాల నుంచి తీసిన నమూనాల్లో మాత్రం రంగు ఆలస్యంగా తేలింది. ఈ జాప్యాన్ని కొలతలోని పొరపాటుగా కొట్టివేయక కారణాన్ని అన్వేషించడంతో, అక్కడి భాస్వరంలో కొంత క్రియాటిన్‌తో బంధితమై ఉందని, ప్రయోగ సమయంలో అది మెల్లగా విడివడుతోందని తేలింది. ఈ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగుచూసింది. కండరం సంకోచించడానికి శక్తి ఎక్కడి నుంచి లభిస్తుందనే విషయమై అంతకుముందున్న అభిప్రాయాలను ఇది మార్చివేసింది. 1929లో ఏటీపీని వేరుచేసిన పత్రంపైనా ఇద్దరి పేర్లే ఉన్నాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ సైతం స్వతంత్రంగా ఆ పదార్థాన్ని కనుగొన్నారు. సుబ్బారావుకు డాక్టరేటు లభించింది 1930లోనే.

పేరుతోపాటు బాధ్యత

అధ్యాపకుడు చెప్పిన అంకెలను నమోదు చేసి ఇచ్చే విద్యార్థి సహాయకుడు మాత్రమే. ప్రశ్నను రూపొందించడంలో, ఫలితాన్ని విశ్లేషించడంలో, పత్రరచనలో పాలుపంచుకున్నప్పుడే భాగస్వామి అవుతాడు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నిబంధనలు ఇదే చెబుతున్నాయి. పరిశోధనకు గణనీయమైన తోడ్పాటు, పత్రరచనలో లేదా దాని కీలక సవరణలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, ఫలితాలకు జవాబుదారీతనం.. ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. నిధులు సమకూర్చినంత మాత్రాన, విభాగాన్ని పర్యవేక్షించినంత మాత్రాన రచయిత హోదా రాదు. పని చేసిన విద్యార్థి పేరు విస్మరించడం ఎంత తప్పో, పని చేయని పెద్దల పేరు చేర్చడమూ అంతే తప్పు.

డిగ్రీలోనే అవకాశం

అమెరికాలోని ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థులు అధ్యాపకులతో కలిసి పరిశోధన చేసేందుకు ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది. మన దేశంలో జాతీయ విద్యావిధానం-2020 ఈ దిశగా బాట వేసింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రకారం, తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకుమించి మార్కులు సాధించినవారు నాలుగో ఏట అధ్యాపకుని మార్గదర్శకత్వంలో పరిశోధన చేపట్టవచ్చు.

ముందే మాట్లాడుకోవాలి

పత్రంపై పేరు లభించినా అన్నీ సమకూరుతాయని చెప్పలేం. సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలలకు తరలివెళ్లారు. బోదకాలు వ్యాధికి వాడే డైఈథైల్‌కార్బమజీన్ మందు ఆయన నేతృత్వంలోని పరిశోధక బృందం కృషి ఫలితమే.

అందువల్ల ఎవరు ఏ పని చేయాలి, సమాచారం ఎవరి వద్ద ఉండాలి, పత్రంపై పేర్లు ఏ క్రమంలో రావాలి అన్నవి పని ఆరంభంలోనే నిర్ణయించుకుని రాసిపెట్టుకోవడం ఉభయులకూ మేలు. విద్యార్థి ప్రతి ప్రయోగాన్ని తేదీతో సహా పుస్తకంలో నమోదు చేయాలి. ఆశించని ఫలితం వచ్చినప్పుడు దాన్ని దాచకుండా గురువు ముందుంచాలి. ఆలస్యంగా తేలిన నీలిరంగును గురుశిష్యులు పట్టించుకోబట్టే ఫాస్ఫోక్రియాటిన్ వారికి చిక్కింది.