అరచేతి తెరకు తగిన పుట

ప్రసారమగుచున్న రేడియో ప్రసంగమును శ్రోత వెనుకకు త్రిప్పి వినజాలడు. అందుచేత ప్రసంగకర్త ముఖ్యమైన మాటను ముందు చెప్పును, వాక్యమును కుదించును, అనవసరమైనదానిని విడుచును. ఈ మితభాషణము నేడు మరియొక చోట గూడ కావలసివచ్చినది. అది మన చేతిలోని మొబైలు ఫోను. దాని తెరపై చదువుటకు వెబ్‌సైటులను ఎట్లు కూర్చవలెనో ఇచట కొంత వివరింపదలచితిమి.

ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. మన దేశమున అనేకుల ఇండ్లలో ఫోనే కంప్యూటరు, వేరొకటి లేదు. విద్యార్థి వేతనమునకు దరఖాస్తు, పరీక్షా ఫలితము, భూమి పత్రము, రైలు టిక్కెట్టు అన్నియు వారికి ఆ చిన్న తెరమీదనే. పుట అచట సరిగా తెరుచుకొనకున్నచో, వారికి కార్యాలయపు తలుపు మూసినట్లే.

తొలుత వెబ్‌సైటులు బల్లమీది కంప్యూటరు కొలతకే తయారైనవి. 2007లో ఐఫోను వెలువడిన పిమ్మట ఆ పెద్ద పుటలే యథాతథముగా చేతి తెరమీదికి దిగినవి. అక్షరములు ఆవగింజలైనవి. చదువరి పుటను పెంచుచు, ప్రక్కకు జరుపుచు చదువవలసివచ్చెను. 2010లో ఈథన్ మార్కాట్ అను అమెరికా రూపశిల్పి ఒక వ్యాసమున దీనికి మార్గము చూపి, 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టెను. కుట్టిన చొక్కా ఒక్క కొలతకే సరిపోవును. చీర కట్టుకొనువారి కొలతకు ఒదుగును. పుట చీరవలె ఉండవలెననుటయే ఆ పద్ధతి సారము. వరుసల వెడల్పును ఒక కొలతకు బిగింపక, తెరలో ఇన్నవ వంతు అని నిర్ణయింతురు. బొమ్మ తానున్న గడిని మీరదు. తెర ఇరుకైనప్పుడు ప్రక్కప్రక్కనున్న వరుసలు ఒకదానిక్రింద ఒకటి చేరును.

అయితే ఒదుగుట ఒక్కటే చాలదు. 2011లో లూక్ వ్రొబ్లెవ్‌స్కీ 'మొబైల్ ఫస్ట్' అను గ్రంథమున, మొదట చిన్న తెరకే పుటను కూర్చి, పిదప పెద్ద తెరకు విస్తరింపవలెనని వాదించెను. చోటు తక్కువైనచో ఏది ముఖ్యమో తేల్చుకొనక తప్పదు గదా! విద్యార్థి వేతనపు పుటనే తీసికొందము. ఎవరు అర్హులు, గడువు ఏనాటివరకు, ఏ కాగితములు కావలెను, దరఖాస్తు ఎచట: విద్యార్థి అడుగునవి ఈ నాలుగే. ప్రముఖుల ఛాయాచిత్రములు, పరుగెత్తు అక్షరములు వీనికి పైన నిలిచినచో, వచ్చినవాడు వాకిటనే అలసిపోవును.

ఇక చేతి సంగతి. మీటలను నొక్కునది సన్నని బాణపు గుర్తు కాదు, బొటనవ్రేలు. అందుచే ఆండ్రాయిడ్ మార్గదర్శకములు నొక్కుచోటు ఇంచుమించు 9 మిల్లీమీటర్లుండవలెనని చెప్పుచున్నవి. ఎండలో గూడ చదువ వీలుగా అక్షరమునకు, వెనుకటి రంగునకు భేదము స్పష్టముగా ఉండవలెను. మామూలు అక్షరములకు ఆ భేదము 4.5కు 1 పాళ్లకు తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణము. ఫోను నంబరు అడుగు గడిలో అంకెల మీటలే తెరుచుకొనవలెను. ఒక గడిలో తప్పు దొరలినంతమాత్రమున, నింపిన తక్కినదంతయు చెరిగిపోరాదు.

తెలుగు పుటల విషయమున మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి కలదు. అనేక ప్రకటనలు నేటికిని అక్షరములుగా గాక బొమ్మలుగా వెలువడుచున్నవి. అచ్చుపనికి వాడు పాత ఖతులు యూనికోడ్ పద్ధతివి కాకపోవుట ఇందుకొక కారణము. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండియే ఉన్నది. అందు సాధారణముగా వాడు సంకేత విధానమున ప్రతి తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. 2,000 గుర్తుల ప్రకటన 6,000 బైట్లలో ఇమిడిపోవును. దానినే కాగితముపై అచ్చువేసి ఫొటో తీసి పెట్టినచో 30 లక్షల బైట్లు కావచ్చును. అనగా 500 రెట్లు! సిగ్నలు మందగించిన ఊరిలో ఆ బరువును మోయువాడు చదువరియే. అంతేకాదు. బొమ్మలోని అక్షరమును పెంచినచో పంక్తి తెర దాటిపోవును. చూపులేనివారికి చదివి వినిపించు సాధనము తిన్నగా చదువగలది అక్షరమునే. వట్టి బొమ్మ యెదుట అది మూగవోవును.

మన లిపికి దాని అవసరములు దానికున్నవి. వత్తులు క్రిందికి దిగును, గుడులు పైకి లేచును. ఇంగ్లీషునకు చాలిన పంక్తుల ఎడము తెలుగునకు చాలదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము ఒకానొక కూర్పుతో వచ్చినంతనే ఐఫోనులలోని అప్లికేషనులు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సవరించెను. ఇంగ్లీషు నమూనాతో పరీక్షించి, తెలుగునకు గూడ అదే చాలునని అనుకొనరాదని ఇందువలన తెలియుచున్నది.

పుటను తయారుచేసినవారు దానిని తమ పెద్ద తెరమీద చూచి సంతోషించుట సహజమే. కాని తక్కువ ధర ఫోనులో, ఆరుబయట ఎండలో, అంతంతమాత్రపు సిగ్నలుతో, దానినెన్నడును చూడని ఒక పెద్దవారిచేత ఆ పుటను తెరిపించి చూడవలెను. తమకు కావలసినది వారు ఎవరి సాయమును లేక కనుగొనిననాడే ఆ పుట పూర్తియైనట్లు.