మందు పంపు కొనువారికి

మన సంఘ సభ్యులలో పెక్కుమంది ఈ మధ్య మమ్ము అడుగుచున్న ప్రశ్న యొకటి గలదు. చేతి పంపు మంచిదా, బ్యాటరీ పంపు మంచిదా, తైవాన్ పంపు కొనవచ్చునా, లేక అన్నియు మాని డ్రోనునే పిలువవలయునా అని. నంద్యాల అంగళ్ల ముందర వరుసగా నిలిపిన రంగురంగుల పంపులను చూచినప్పుడును, పొరుగువాడు క్రొత్త యంత్రమును వీపున వేసికొని చేనికి పోవుచుండగా చూచినప్పుడును ఈ ప్రశ్న పుట్టుట సహజమే. ఆళ్ళగడ్డలో టీ అంగళ్లయొద్ద జరుగు వాదములను మేమును వినియున్నాము. అచ్చట ఒకడు మోటారు బలమును పొగడును. ఒకడు ధరను నిందించును. మరియొకడు సెల్‌ఫోనులో వచ్చిన ప్రకటనను చూపించును. నీ పంపుతో ఎకరమునకు ఎన్ని లీటర్ల నీరు పడుచున్నది అని అడుగువాడు మాత్రము కానరాడు. మా యభిప్రాయమున మొదట అడుగవలసినది అదియే.

మందు డబ్బాపై మోతాదు ఎకరమునకో హెక్టారునకో వ్రాయబడియుండును. రైతు కలుపునది ట్యాంకునకు. ఈ రెండింటి నడుమనున్న లెక్కను అంగడివాని నోటిమాటకు విడిచిపెట్టుచున్నాము. ఆ లెక్క కష్టమైనది కాదు. ఎకరము 43,560 చదరపు అడుగులు. మనిషి నాలుగడుగుల వెడల్పు తడియునట్లు పంపుకోలను ఆడించుచు నిమిషమునకు 100 అడుగులు నడచెననుకొందము. నిమిషమునకు 400 చదరపు అడుగులు తడియును. నాజిలునుండి నిమిషమునకు 1.2 లీటర్లు వెలువడుచున్నచో ఎకరమునకు పట్టు నీరు సుమారు 131 లీటర్లు, అనగా 16 లీటర్ల ట్యాంకులు ఎనిమిదికి కొంచెము పైగా. ఎకరమునకు 88 గ్రాములు వేయవలసిన మందు అయినచో ట్యాంకునకు 11 గ్రాములు చాలును.

ఇప్పుడు అదే పంపును, అదే 11 గ్రాముల కొలతను త్వరగా నడచు పడుచువానికి ఇచ్చితిమి. అతడు నిమిషమునకు 150 అడుగులు నడచును. ఎకరము 87 లీటర్లతో, అయిదున్నర ట్యాంకులలోపుననే ముగియును. చేనికి అందిన మందు 60 గ్రాములు మాత్రమే. పురుగు చావదు, మందు కల్తీదని అంగడివానితో జగడము. మరియొకని పంపులో నాజిలు రంధ్రము అరిగి నిమిషమునకు 1.6 లీటర్లు పోవుచున్నది. అతడు మొదటివానివలెనే మెల్లగా నడచినచో ఎకరమునకు 174 లీటర్లు, మందు దాదాపు 120 గ్రాములు. ఇతనికి పురుగు చచ్చినది గాని నాలుగవవంతునకు పైగా మందు వృథా అయినది, పైరునకును మాడు భయము గలదు. ఈ ముగ్గురును ఒకే అంగడిలో ఒకే జాతి పంపును కొనియుండవచ్చును.

కావున ఏ పంపు కొన్నను మొదట వట్టి నీటితో కొలిచి చూడవలయును. 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చోటును త్రాటితో కొలిచి నాలుగు మూలల పుల్లలు నాటుడు. ఆ చోటు సరిగా అయిదు సెంట్లు. ట్యాంకులో కొలిచిన నీరు పోసి, చేనిలో ప్రతిదినము నడచునట్లే నడచుచు దానిని తడుపుడు. మిగిలిన నీటిని కొలిచి, ఖర్చయిన లీటర్లను 20తో గుణించినచో ఎకరపు లెక్క వచ్చును. ఒకే పంపును ముగ్గురిచే నడిపించినచో మూడు లెక్కలు వచ్చును. మందు కొట్టు మనిషి మారినప్పుడెల్ల మరల కొలువవలయుననుట అందుచేతనే.

నాజిలును గురించి రెండు మాటలు. వేలకు వేలు పోసి పంపు కొనువారు కొద్దిపాటి వెలగల నాజిలును మార్చుటకు వెనుదీయుట మాకు ఎన్నటికిని అర్థము కాదు. పంపు చేయు పనియంతయు ఆ రంధ్రము వద్దనే తేలును. పురుగు మందులకును తెగుళ్ల మందులకును గుల్ల శంఖువువలె తుంపర వేయునది తగును. కలుపు మందునకు విసనకఱ్ఱవలె పరచునది కావలయును. ఇత్తడి నాజిలు త్వరగా అరుగును. ఉక్కుది, పింగాణిది ఎక్కువ కాలము నిలుచును. క్రొత్తదానికంటె పదవవంతు ఎక్కువ నీరు విడుచుచున్నదని కొలపాత్రలో తేలిన నాడు దానిని పారవేయవలయును. అడ్డుపడిన నాజిలును నోట పెట్టుకొని ఊదువారిని మేము నేటికిని చూచుచునే యున్నాము. తినకూడని దానిని తినుటయే యది. మెత్తని కుంచెతోగాని గడ్డిపోచతోగాని తీయవలయును. ఇనుప తీగతో పొడిచినచో రంధ్రము పెద్దదగును.

ఇక పంపుల మాట. చేతి పంపు బీదవాని యంత్రమని తీసివేయరాదు. దానిలో చెడిపోవునవి వాషరు, కవాటము, గొట్టము. ఈ మూడును పల్లెలోనే బాగుపడును. కరెంటుతో పని లేదు. ఎకరములోపు కూరగాయల మడికి దానిని మించినది లేదనియే మా నమ్మిక. దాని లోపము చేయి అలసినకొలదియు ఒత్తిడి తగ్గుట. ఉదయము సన్నగా పడిన తుంపర మధ్యాహ్నమునకు బొట్లుగా కారును. బ్యాటరీ పంపు ఈ లోపమును తీర్చినది. చార్జి తగ్గువరకు ఒత్తిడి ఒక్కతీరున ఉండును, ఒక చేయి ఖాళీగా ఉండును. రెండు మూడు ఎకరముల పప్పుశనగ గల రైతునకు ఇది చాలునని మేము తడుముకొనక చెప్పుదుము. రెండు మోటార్లు గలదని ఎక్కువ ధర చెప్పినప్పుడు మాత్రము నిలిచి ఆలోచింపుడు. రెండవ మోటారు ఎక్కువ నీటిని విడుచును. ఎక్కువ నీరు ఎక్కువ మేలని ఎచ్చటను లేదు. పైపెచ్చు మెట్ట చేలకు ఆ నీటిని డ్రమ్ములలో బండిమీద తోలుకొనవలసినది తామే గదా.

సీసపు బ్యాటరీ చెడిపోవునది పనిలో గాదు, మూలను పడియుండగా. పప్పుశనగ కోతలు ముగిసి ఎండలు ముదురునప్పుడు చార్జి అడుగంటిన పంపును కొట్టములో పడవైచి, తొలకరికి తీసినచో అది లేవదు. నిండుగా చార్జి చేసి యుంచి, నెలకొకసారి మరల ఎక్కించుచున్నచో ఈ నష్టముండదు. లిథియము బ్యాటరీ తేలికయైనది, ఎక్కువ కాలము మన్నును; కాని రేకుల కప్పు క్రింద మన వేసవి వేడిలో ఉంచదగినది కాదు.

తైవాన్ పంపు అని మనవారు పిలుచు పెట్రోలు పంపు బలమైనదే. ఎత్తైన తోటలకు, విస్తారమైన చేలకు అది పనికివచ్చును. అయితే 25 లీటర్ల ట్యాంకు నిండినచో నీరే 25 కిలోలు. ఇంజను బరువు, దాని అదురు, చెవులు దిమ్మెక్కు రొద వేరు. ఇంజను రెండు స్ట్రోకులదైనచో పెట్రోలులో నూనె కలుపవలయును. నాలుగు స్ట్రోకులదైనచో కలుపరాదు, నూనె వేరుగా పోయవలయును. దీనిని తారుమారు చేసి ఇంజను పాడుచేసికొనువారు గలరు. ఇచ్చట మేము గట్టిగా చెప్పదలచిన సంగతి వేరొకటి గలదు. పంపును కొనునది యజమాని, మోయునది కూలివాడు. అంగడిలో వట్టి యంత్రమును చేత ఎత్తి తేలికయని తెచ్చుట న్యాయము గాదు. దానిని మోయువానినే వెంటబెట్టుకొని పోయి, నీరు నింపించి, వీపున వేయించి, పట్టెలు ఒరయుచున్నవేమో, మూత కారుచున్నదేమో చూడవలయును. వీపు తడిసిన గంటలు మందు చర్మమునుండి లోనికి పోవు గంటలే.

తుంపర ఎంత సన్నగా మంచువలె ఉండిన అంత మంచి పంపని మనవారి నమ్మకము. ఇది సగమే నిజము. సన్నని తుంపర ఆకును బాగుగా తడుపును. అదే తుంపర గాలికి లేచి పొరుగు చేనికిని, కొట్టువాని ముక్కునకును పోవును. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తి చేలకు మందు కొట్టుచు సుమారు ఇరవైమంది రైతులును కూలీలును మరణించిరి. వందలకొలది ఆసుపత్రి పాలైరి. ప్రత్తి ఆ యేడు మనిషి ఎత్తునకు మించి పెరుగుట, పలు మందులను కలిపి కొట్టుట, ఒడలు కప్పు వస్త్రములు లేకుండుట అప్పుడు చెప్పబడిన కారణములు. వానితోపాటు సన్నని తుంపరను వేగముగా విసరు క్రొత్త పంపుల పేరును వినబడినది. మన నల్లరేగడిలోను ప్రత్తి మంచి యేట భుజముల కెక్కును. అట్టి చేనిలో గాలికి ఎదురుగా నడచుచు తలపైకి పంపుకోలను ఎత్తి కొట్టుటకంటె ఒక పర్యాయము మందు మానుటయే మేలు.

కలుపు మందునకు వేరు పంపు ఉంచుడని మేము ప్రతి సభయందును చెప్పుచున్నాము, వినువారు తక్కువ. కె.సి. కాలువ క్రింద వరిలో 2,4-డి కొట్టిన పంపును ఒక్కసారి నీటితో తొలిచి మరునాడు మెట్టనున్న ప్రత్తికి తీసికొనిపోయినచో ఏమగునో చూచినవారికి తెలియును. ఆకులు సాగి వ్రేళ్లవలె చీలి ముడుచుకొనును. ప్రత్తికి ఆ మందు అణుమాత్రము చాలును. పంపు ధర ఎంతయైనను ఒక ప్రత్తి పైరు ధరకు సాటిరాదు. పాత చేతి పంపు ఇంట నున్నచో దానికి ఎఱ్ఱ రంగు పూసి కలుపునకే కేటాయింపుడు.

డ్రోనును గురించి ఊరూర ఆశయు ఉన్నది, భయమును ఉన్నది. అది పది లీటర్ల నీటితో సుమారు పది నిమిషములలో ఎకరము ముగించును. వాన వెలిసి నల్లరేగడి కాలికి అంటుకొని మనిషియు ట్రాక్టరును దిగరాని దినములలో, పురుగు ఆగక తినుచుండగా, డ్రోనునకు సాటి లేదు. మందు కొట్టువాడు తుంపరకు దూరముగా నిలుచుట మరియొక మేలు. అయినను ఎకరపు మందంతయు పది లీటర్లలో కలియును గనుక ఒక్కొక్క చుక్క చేతి పంపు చుక్కకంటె పదింతలకు పైగా గాఢమైనది. గాలి వీచు వేళ అది పొరుగువాని చేనిలోనో, పట్టుపురుగుల మల్బరీ మీదనో పడినచో నష్టమును ఎవరు తీర్తురు? వరిలో సుడిదోమ నీటి మట్టము వద్ద దుబ్బు మొదట ఉండును. పైనుండి పడిన కొద్దిపాటి నీరు అచ్చటికి దిగుట కష్టము. దానికి కాలిబాటలు తీసి, దుబ్బు మొదలు తడియునట్లు మనిషి కొట్టుటయే ఇప్పటికిని సరియైన పని.

పప్పుశనగలో యంత్రపు కోత ఎట్లు నిలద్రొక్కుకొన్నదో చూచినచో ఈ సంగతి బోధపడును. పొట్టిగా, విస్తరించి పెరుగు మొక్కను కోతయంత్రము అందుకొనలేకపోయెను. 1906లో స్థాపింపబడిన మన నంద్యాల పరిశోధనా క్షేత్రమువారు నిటారుగా ఎదుగు ఎన్.బి.ఇ.జి. 47 అను రకమును రూపొందించిన పిమ్మట యంత్రమునకు దారి సుగమమైనది. డ్రోనునకును ఏ పైరు, ఏ పురుగు, ఏ మందు తగునో చూచుకొనవలసియున్నది. డ్రోనుతో కొట్టుటకు అనుమతి గల మందులు వేరుగా ప్రకటింపబడినవి. ఆ పట్టీలో లేని దానిని పోయరాదు. 2021 నాటి డ్రోన్ నియమముల మేరకు నడుపువాడు శిక్షణ పొందిన పత్రము గలవాడై యుండవలయును. అద్దెకు పిలుచునప్పుడు ఆ పత్రమును చూపుమని అడుగుట మర్యాదకు భంగము కాదు.

సొంతముగా కొనుట మాట వేరు. అయిదెకరముల పప్పుశనగకు యేట మూడు పర్యాయములు కొట్టినచో మొత్తము పదునైదు ఎకరముల పని. డ్రోనునకు అది రెండున్నర గంటలు; బ్యాటరీలు మార్చుకొనుచు, ట్యాంకు నింపుకొనుచు చేసినను ఒక పూట. సంవత్సరమునకు ఒక పూట పనికి ఎవడైనను యంత్రము కొనునా? 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనులనిచ్చు పథకమును ఆమోదించినప్పుడు, ఖర్చులో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, ప్రభుత్వము భరించునట్లు నిర్ణయించిరి. ఆ అంకె చూచిననే ఇది ఒక ఇంటివాడు అప్పు చేసి తెచ్చుకొను వస్తువు కాదని తేటపడును. వందలకొలది ఎకరములు ఒక్కచోట గల ఊరిలో, సంఘము పూనుకొని, ఎవరి చేనికి ఏ దినము అను పట్టికను ముందుగా వ్రాసికొని పిలిపించినచో గిట్టును. ట్రాక్టరు వెనుక కట్టు బూమ్ స్ప్రేయరునకును ఇదే మాట వర్తించును. విత్తిన వెంటనే మొలకకు ముందు కొట్టు కలుపు మందునకు అది మిక్కిలి అనుకూలము. మొక్కలు అల్లుకొన్న పిదప చక్రముల క్రింద సాలు పోవును.

విత్తనపు కాలమునకు ముందుగా తమ పంపులను కొలిపించుకొనగోరు సభ్యులు వానిని శుభ్రముగా కడిగి, ట్యాంకు ఖాళీ చేసి, కొట్టు మనిషితో సహా తీసికొనిరావలయును. 66 అడుగుల త్రాడును, కొలపాత్రయు మేము తెత్తుము.