దేశం మారిన వేటగాని మూడు ప్రశ్నలు

గత సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నుంచి మా మామూ ఒక ఉత్తరం వ్రాశారు. ఆయన నెల్లూరు తీరంలో, బకింగ్‌హాం కాలువ ఒడ్డున ఒక పల్లెలో పుట్టి పెరిగినవారు. ముప్పై ఏళ్ల క్రితం ఆ దేశం వెళ్లి, అక్కడి పౌరసత్వం పొంది, ఇటీవల ఉద్యోగ విరమణ చేశారు. ఉత్తరం సారాంశం ఇది:

"అల్లుడూ, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ వేట పట్టాను. శిక్షణ తరగతికి వెళ్లి, లైసెన్సు తీసుకుని, నవంబరులో ఒక జింకను రైఫిలుతో కొట్టాను. ఆ తొందరలో బిస్మిల్లాహ్ అనడం మరచిపోయాను. దెబ్బ తిన్న జింక అడవిలోకి పరుగెత్తింది. చీకటి పడినా వదలక రెండు గంటలు నెత్తుటి జాడ వెంట వెతికితే, చచ్చి పడి కనిపించింది. మా మసీదు ఇమాం గారు యెమన్ దేశస్థులు, తినవచ్చునన్నారు. మీ ముమానీ మాత్రం మన ఊరి పెద్దల మాట పట్టుకుని ఆ మాంసాన్ని పొయ్యి మీదికి రానివ్వడం లేదు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు?"

నేను ముఫ్తీని కాను. అరబ్బీ గ్రంథాలను తెలుగులోకి తెచ్చే అనువాదకుణ్ణి మాత్రమే. తీర్పు చెప్పడం నా పని కాదు. అయినా ఈ ప్రశ్న మా మామూ ఒక్కరిది కాదు. మన దేశంలో వేట ముగిసిపోయిన విషయం. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు వలస వెళ్లినవారికి మాత్రం అది తిరిగి తెరచిన తలుపు. కనుక ధర్మశాస్త్ర గ్రంథాలలో ఈ విషయమై ఏముందో పాఠకుల ముందుంచడం ఉపయోగకరమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా పదం సంగతి. అరబ్బీలో వేటను 'సైద్' అంటారు. వేటాడే పనికీ, వేటాడబడిన జంతువుకూ అదే మాట. అడవిలో జింకను కొట్టినా సైదే, సముద్రంలో చేపను పట్టినా సైదే. ఉర్దూ అనువాదకులు దీనికి 'షికార్' అని వ్రాస్తే, చదివేవారికి వెంటనే నవాబులు, తుపాకులు తలపుకు వస్తాయి. తెలుగువానికి ఆ చిక్కు లేదు. మైపాడులోనో తూపిలిపాళెంలోనో తెల్లవారక ముందే పడవ తోసిన మనిషిని గురించి అడిగితే, ఇంట్లోవారు "వేటకు పోయినాడు" అంటారు. కోస్తాలో మేకమాంసాన్ని సైతం వేటమాంసమే అంటారు. అరబ్బీ సైద్‌కు మన 'వేట' ఇంత చక్కగా అమరడం అనువాదకుని అదృష్టం.

అయితే నీటి వేటకూ నేల వేటకూ ధర్మంలో పెద్ద తేడా ఉంది. చేపకు జబహ్ అవసరం లేదు. వలలో పడి చచ్చినా హలాలే. హనఫీలు జలచరాలలో చేపను మాత్రమే తింటారు, పీతను తినరు. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అని హనఫీ పండితులలోనే వాదం ఉంది. షాఫయీల దృష్టి ఇంతకన్నా విశాలం. నేల మీది జంతువు అలా కాదు. అది చేతికి చిక్కితే గొంతు కోయాలి. చిక్కకుండా దూరం నుంచి కొట్టినప్పుడు మాత్రం కొన్ని షరతులకు లోబడి ఆ గాయమే జబహ్‌కు బదులుగా నిలుస్తుంది. మామూ ప్రశ్న అంతా ఆ షరతులను గురించినదే.

ఈ షరతులు దైవప్రవక్త (స) సహచరులు వేసిన ప్రశ్నలకు సమాధానాలుగా మనకు చేరాయి. ప్రశ్నించినవారిలో ఇద్దరు ముఖ్యులు. మొదటివారు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి). దానగుణానికి పేరుపడిన హాతింతాయి కుమారుడాయన. ఇస్లాం స్వీకరించక ముందు క్రైస్తవుడు. రెండవవారు హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (రజి). ఈయన ప్రశ్న నేటి వలసదారుని ప్రశ్నలాగే ఉంటుంది. మేము గ్రంథప్రజల నడుమ నివసిస్తున్నాము, వారి పాత్రలలో తినవచ్చునా? అది వేట దొరికే నేల, నేను విల్లుతోనూ, నేర్చిన కుక్కతోనూ, నేర్వని కుక్కతోనూ వేటాడుతాను, ఏది తగును? ఈ రెంటినీ ఆయన ఒక్క ఊపిరిలో అడిగారు. వేరే పాత్రలు దొరికితే వాటిలోనే తినమనీ, దొరకకుంటే కడిగి వాడుకోమనీ, అల్లాహ్ పేరు చెప్పి విల్లుతోనూ నేర్చిన కుక్కతోనూ వేటాడినది తినమనీ, నేర్వని కుక్క పట్టినదాన్ని బ్రతికి ఉండగా జబహ్ చేయగలిగితేనే తినమనీ సమాధానం వచ్చింది. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెంటిలోనూ ఈ ఉదంతం ఉంది. పరాయి నేల మీద వేట తగదని ఆయనకు చెప్పబడలేదు. ఎలా వేటాడాలో చెప్పబడింది.

ఇప్పుడు మామూ ఉత్తరంలోని మూడు ముడులు విప్పి చూద్దాం.

మొదటిది బిస్మిల్లాహ్ మరచిపోవడం. వేటలో అల్లాహ్ పేరు చెప్పవలసింది బాణం విడిచే క్షణాన, కుక్కను వదిలే క్షణాన. తెలిసి తెలిసి మానివేస్తే హనఫీల దృష్టిలో ఆ వేట నిషిద్ధం. మరపువల్ల మానితే దోషం లేదు. షాఫయీల ప్రకారం పేరు చెప్పడం సున్నత్. మానినా మాంసం నిషిద్ధం కాదు. హంబలీలు మాత్రం వేట విషయంలో మరపును సైతం మన్నించరు. మామూ హనఫీ కనుక ఈ ముడి విడిపోయినట్లే.

రెండవది కంటికి మరుగై దొరకడం. దెబ్బ తిన్న జంతువు కనుమరుగై తర్వాత చచ్చి దొరికితే, దానిపై మన ఆయుధపు గాయం తప్ప మరో కారణం కనిపించకుంటే తినవచ్చునని హదీసులలో ఉంది. అయితే నీటిలో పడి దొరికినది తినరాదు; దాన్ని చంపింది బాణమో నీరో తెలియదు గనుక. హనఫీ గ్రంథాలు ఇంకొక షరతు చేర్చాయి. వెతకడం మానకూడదు. వేటగాడు ఇంటికి పోయి నిద్రించి, మరునాడు వచ్చి ఏరుకున్నది వారి దృష్టిలో తగదు. మామూ రెండు గంటలు ఎడతెగక వెతికారు. ఈ ముడీ విడిపోయింది.

మూడవది తుపాకి గుండు. అసలు వివాదం ఇక్కడే ఉంది. హజ్రత్ అదీ (రజి) తాను విసిరే ఈటె వంటి కర్రను గురించి అడిగినప్పుడు, అది పదునుతో గుచ్చుకుంటే తినమనీ, అడ్డంగా తగిలి చంపితే తినవద్దనీ జవాబు లభించింది. అడ్డంగా తగిలి చచ్చినది దెబ్బతో చచ్చిన జంతువు. అటువంటిదాన్ని దివ్య ఖుర్‌ఆన్ ఐదవ సూరా మూడవ ఆయతు నిషేధించింది. కనుక సూత్రం ఇది: పదును వల్ల గాయమై నెత్తురు కారాలి, బరువు వల్ల నలిగి చావరాదు.

తుపాకి గుండు ఏ కోవకు చెందుతుంది? ఇక్కడ అనువాదకుడు తడబడే మాట ఒకటుంది. మర్‌గీనానీ (మరణం 1197) వ్రాసిన 'హిదాయా'లో 'బుందుఖా'తో చచ్చిన వేట తినరాదని ఉంటుంది. నేటి అరబ్బీలో బుందుఖియ్యా అంటే తుపాకి. మన బందూకు కూడా ఆ మాట సంతతే. అందువల్ల హిదాయా తుపాకిని నిషేధించిందని వ్రాసేవారున్నారు. అది పొరపాటు. బుందుఖ్ అంటే మొదట ఒక గింజ పేరు. ఆ పరిమాణంలో చేసిన మట్టి ఉండకూ అదే పేరు వచ్చింది. ఆ ఉండను విల్లుతో విసిరేవారు. తెలుగులో దీనికి సరిపోయే మాట చిన్నపిల్లలకూ తెలుసు: ఉండేలు. ఉండను విసిరే విల్లు గనుకనే ఆ పేరు. మన తీరపు పిల్లలు కౌజు పిట్టలను ఉండేలుతో కొట్టి పడవేస్తే, పెద్దలు "ప్రాణం ఉండగా కోశావా?" అని అడగడం వెనుక ఉన్నది ఈ సూత్రమే.

తుపాకి వచ్చిన తర్వాతి పండితులు దీన్ని రెండు విధాలుగా చూశారు. డమాస్కస్ నగరపు హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) సీసపు గుండుకు పదును లేదనీ, అది మంటతోనూ, తోపుడు బలం వల్ల కలిగిన బరువుతోనూ చంపుతుందనీ, కనుక ఆ వేట హలాల్ కాదనీ వ్రాశారు. ఆయన సమకాలికుడు, యెమన్ దేశపు షౌకానీ (మరణం 1834) గుండు చర్మాన్ని ఛేదించి శరీరంలో దూరుతుంది గనుక బాణం వంటిదేననీ, తినవచ్చుననీ నిర్ణయించారు. మాలికీలలోనూ అనేకులు అనుమతించారు. భారత ఉపఖండపు హనఫీ ఉలమాలో అధిక సంఖ్యాకులు ఇబ్నె ఆబిదీన్ బాటలో నడిచారు. ఆ ఇద్దరు పెద్దల కాలంలో గుండు గుండ్రని సీసపు ముద్ద. మొనదేలిన రైఫిలు గుండు పంతొమ్మిదవ శతాబ్దం చివరలో వచ్చింది. అందువల్ల మొన ఉన్న గుండు విషయంలో మెత్తబడిన హనఫీ పండితులూ కొందరున్నారు.

దీన్నిబట్టి మామూకు నేను వ్రాసిన జవాబు ఇది. మీ ఇమాం గారు తప్పు చెప్పలేదు; తాము చదివిన పండితుల మాట చెప్పారు. ముమానీదీ మొండితనం కాదు. ఆమె తాను పెరిగిన మస్లక్ మీద నిలిచింది. యోగ్యుడైన పండితుని మాట నమ్మి తినేవారిని నిందించరాదు. సంశయంతో మానినవారిని బలవంతపెట్టరాదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ధర్మానికి లోబడే ఉన్నారు.

ఇక హద్దుల సంగతి. వేట గురించి ఖుర్‌ఆన్ చెప్పినదానిలో అధిక భాగం హద్దుల గురించే. ఇహ్రాంలో ఉన్నవానికి నేల వేట నిషిద్ధం, నీటి వేట అనుమతం. చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరకు వేట వచ్చినప్పుడు నిగ్రహించుకుంటారా లేదా అన్నదే పరీక్ష అని ఐదవ సూరాలో ఉంది. ఏడవ సూరాలోని సముద్రతీర గ్రామస్థుల కథ మన తీరవాసులకు సులభంగా అర్థమవుతుంది. వేట తగని శనివారం నాడే చేపలు నీటిపైకి తేలివచ్చేవి. వారు హద్దు మీరారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేటకు నిషేధం ఉంది. ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చున్న మనిషికి ఆ పరీక్ష ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

వలస వెళ్లినవారికి ఆ దేశపు చట్టమే ఇటువంటి హద్దు. అమెరికాలో వేట కాలాన్ని, లైసెన్సును రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. బాతుల వేటకు పదహారేళ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వపు స్టాంపు కొనాలి. 1991 నుంచి ఆ వేటలో సీసపు రవ్వలు వాడరాదు. తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మన యువకులు ఇది తెలుసుకోకుండా స్నేహితుని తుపాకి పట్టరాదు. ఇంగ్లండు, వేల్సులలో 2004 నాటి చట్టం కొన్ని మినహాయింపులు పోను కుక్కలతో అడవి జంతువుల వేటను నిషేధించింది. నేర్చిన కుక్క పట్టిన వేట హలాలే అయినా, అక్కడ నివసించేవాడు ఆ చట్టానికి కట్టుబడాలి. ఒప్పుకుని ప్రవేశించిన దేశపు నియమాన్ని పాటించడం మాట నిలుపుకోవడమే.

ఉద్దేశం కూడా చూడాలి. తినడానికి కాక వినోదానికి చంపడాన్ని, ప్రాణం ఉన్నదాన్ని గురి చూసే లక్ష్యంగా నిలపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు.

చివరగా మా ఇంటి మాట ఒకటి. మామూ తండ్రి, అంటే మా నానా, పులికాట్ అంచున అడవి బాతులను కొట్టేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పులికాట్ పక్షుల అభయారణ్యమైంది. ఆ ఏడే నానా ఒంటి గొట్టం తుపాకిని ఠాణాలో అప్పగించారు. లైసెన్సుతో వేటాడే పద్ధతే 1991 సవరణతో దేశమంతటా రద్దయింది. నానా వేటకు బయలుదేరేటప్పుడు తుపాకి తన భుజాన, కత్తి కొడుకు చేతిలో ఉండేవట. బాతు పడగానే పన్నెండేళ్ల మామూ బురదలో పరుగెత్తి, అది నీట మునిగేలోగా పట్టి, ప్రాణం ఉండగానే బిస్మిల్లాహ్ అని కోయాలి. అందనిదాన్ని నానా ఇంటికి తెచ్చేవారు కాదు. ఆయన హిదాయా చదవలేదు. కానీ గ్రంథంలోని షరతులన్నీ ఆ పరుగులో ఉన్నాయి.

ఇదే మామూకు గుర్తుచేశాను. మీకు తుపాకి గుర్తుంది, పరుగు గుర్తులేదు. మిషిగన్‌లో తుపాకి వేటకు ముందే, అక్టోబరు 1 నుంచి నవంబరు 14 వరకు విల్లు వేట కాలం ఉందని తెలిసింది. పదునైన అలుగు గల బాణం విషయంలో ఏ మస్లక్‌కూ అభ్యంతరం లేదు. అబూ సఅలబా (రజి) విల్లుకు దొరికిన జవాబు అది.

మొన్న మామూ జవాబు వచ్చింది. భుజం సహకరించనందున మీటతో విడిచే అడ్డవిల్లు కొన్నారట. పెరట్లో గడ్డిమోపు పెట్టి గురి చూస్తున్నారట. ముమానీ ఆయన నడుముకు కత్తి ఒర తానే కుట్టి ఇచ్చిందట. ఆ పాత జింక మాంసాన్ని గురించి మాత్రం ఏమీ వ్రాయలేదు, నేనూ అడగలేదు.

నిజం ఎరిగినవాడు అల్లాహ్.