అలెగ్జాండర్ ఫాన్ ష్లిపెన్‌బాఖ్

అలెగ్జాండర్ ఫాన్ ష్లిపెన్‌బాఖ్ (జననం: 1938 ఏప్రిల్ 7, బెర్లిన్) జర్మనీకి చెందిన జాజ్ పియానో వాదకుడు, స్వరకర్త. ఆధునిక శాస్త్రీయ స్వరకర్త బెర్న్డ్ అలోయిస్ జిమ్మర్‌మాన్ వద్ద స్వరరచన అభ్యసించాడు. 1966లో బెర్లిన్ జాజ్ ఉత్సవం కొరకు "గ్లోబ్ యూనిటీ" అనే రచన చేసి, అదే పేరుతో పెద్ద వాద్యబృందాన్ని నడిపాడు. సాక్సోఫోన్ వాదకుడు ఇవాన్ పార్కర్, డ్రమ్స్ వాదకుడు పాల్ లోవెన్స్‌లతో ఇతని త్రయం కూడా ప్రసిద్ధమైనది.

వినే విధానం

ఇతని ఆశువాదనం మొదటిసారి వినేవారికి గందరగోళంగా తోచడం సహజం. చెవి ఆధారస్వరాన్ని వెదకడమే దీనికి కారణం. కర్ణాటక సంగీతంలో మనోధర్మం ఎంత దూరం సాగినా షడ్జం తోడుంటుంది. సాధారణ జాజ్‌లో పాట తాలూకు స్వరమేళనాల వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇతని స్వేచ్ఛావాదనంలో ఈ రెండూ తరచు కనిపించవు. 1920ల తొలినాళ్ళలో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ రూపొందించిన పన్నెండు స్వరాల పద్ధతి ఇతనికి ఒక ముఖ్యాధారం. స్థాయిలోని 12 స్వరాలనూ ఒక వరుసలో పేర్చి, ఏ ఒక్క స్వరానికీ పెత్తనం లేకుండా చేయడం ఆ పద్ధతి సూత్రం. షోన్‌బర్గ్ కాగితంపై చేసిన ఈ పనిని వ్రేళ్ళతో అప్పటికప్పుడు చేయడం ఎంతో సాధనతో గాని సాధ్యం కాదు. "ట్వెల్వ్ టోన్ టేల్స్" అనే ఏకవాద్య ఆల్బమ్‌ల పేరులోనే ఈ సంగతి ఉంది.

అందువల్ల శ్రోత స్వరాల మధ్య దూరాలను గమనించాలి. మంద్రస్థాయిలో ముద్దగా మోగిన స్వరాలు కొంతసేపటికి తారస్థాయిలో విడివిడిగా వినవచ్చు. వాటిని గుర్తుపట్టడంలోనే ఆనందముంది. లయలోని విరుపులు మాత్రం జాజ్‌వే, ముఖ్యంగా అమెరికన్ పియానో వాదకుడు థెలోనియస్ మంక్ నుండి వచ్చినవి. మంక్ రచనలన్నిటినీ ఇతడు మరొక బృందంతో కలిసి "మంక్స్ కాసినో" (2005) పేరిట 3 సీడీలలో వెలువరించాడు. అందులో బాణీలు స్పష్టంగా వినిపిస్తాయి కనుక, కొత్త శ్రోతలు ముందుగా దానిని విని, ఆపైన ఏకవాద్యాలకు వెళ్ళడం సులువు.