మంచులో సూర్యుని లెక్కలు

సూర్యునిపై నల్లని మచ్చలుంటాయని మనందరికీ తెలుసు. సుమారు 11 ఏళ్ళకొకసారి అవి పెరిగి తగ్గుతుంటాయి. మచ్చలు ఎక్కువగా ఉన్నప్పుడు సూర్యుడు మంచి ఊపు మీదున్నట్లు. దూరదర్శినితో వాటిని చూడడం 1610 ప్రాంతంలో మొదలైంది. అంటే కంటితో చూసి రాసుకున్న వరుస లెక్క 400 ఏళ్ళది మాత్రమే. అంతకు ముందు సంగతి ఎవరు చెబుతారు? ధ్రువాల మంచు చెబుతుంది.

అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులను ఢీకొని పగలగొడతాయి. ఆ ముక్కల్లో ఒకటి బెరీలియం-10 అనే రేడియోధార్మిక ఐసోటోపు. దీని అర్ధజీవితకాలం దాదాపు 14 లక్షల ఏళ్ళు. కాబట్టి పదివేల ఏళ్ళనాటి మంచులో కూడా అది తరగకుండా ఉంటుంది. ఒకటి రెండేళ్ళలో ధూళికణాలకు అంటుకుని మంచుతో పాటు కిందికి దిగుతుంది. గ్రీన్‌లాండ్‌లో ఆ మంచు ఏటేటా పొర మీద పొరగా పేరుకుంటుంది. 1992లో గ్రిప్ అనే యూరపు బృందం అక్కడ 3,029 మీటర్ల లోతు దాకా తొలిచి మంచు కడ్డీలను పైకి తీసింది. ఒక గ్రాము మంచులో ఈ పరమాణువులు పదివేల స్థాయిలోనే ఉంటాయి. వాటిని లెక్కించడానికి పెద్ద యాక్సిలరేటర్ యంత్రాలే కావాలి.

సూర్యుడు చురుగ్గా ఉంటే బెరీలియం పెరుగుతుందని మేమూ మొదట అనుకున్నాం. కానీ జరిగేది దానికి తిరకాసు. చురుకైన సూర్యుని అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను చాలావరకు పక్కకు నెట్టేస్తుంది, బెరీలియం తగ్గుతుంది. మన స్టోరు రూములో బియ్యం ఎక్కువ మిగిలితే ఆ నెల హాజరు తక్కువని వార్డెన్ గారు గ్రహించినట్లే ఇదీ. 1645 నుండి 1715 వరకు సూర్యునిపై మచ్చలు దాదాపు కనిపించలేదు. ఆనాటి మంచు పొరల్లో బెరీలియం ఎక్కువగానే ఉంది. దూరదర్శిని లెక్క, మంచు లెక్క అక్కడ కలిశాయి.

అయినా మంచు ఒక్కదాన్నే నమ్మకూడదు. ఒక ఏడు మంచు తక్కువ కురిస్తే బెరీలియం చిక్కబడి ఎక్కువున్నట్లు కనిపిస్తుంది. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనపడినా అది పెరుగుతుంది. సుమారు 41,000 ఏళ్ళ కిందట అలాగే జరిగింది. అందుకే చెట్ల వలయాల్లోని కార్బన్-14ను రెండో సాక్షిగా పిలుస్తారు. చెట్టుకు మంచు కురిసిన లెక్కతో పని లేదు. ఇద్దరూ ఒకే మాట చెబితే అది మంచు కురిసిన తేడా వల్ల వచ్చిన మార్పు కాదని తేలుతుంది.

2012లో జపాన్ శాస్త్రవేత్త ఫుసా మియాకే బృందం దేవదారు వలయాల్లో క్రీ.శ. 774-775 నాటి కార్బన్-14 ఒక్కసారిగా ఎగబాకిందని కనుగొంది. 2015 నాటికి రెండు ధ్రువాల మంచులోనూ ఆ ఏటి బెరీలియం పెరుగుదల కనిపించింది. సూర్యుడే ఒక పెద్ద తుపానులో కణాలను భూమి మీదికి విసిరాడని ఎక్కువ మంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అలాంటప్పుడు మాత్రం తిరకాసు లెక్క పనిచేయదు, బెరీలియం పెరుగుతుంది.

1989 మార్చిలో ఇంతకంటే ఎంతో చిన్న సౌర తుపానుకే కెనడాలోని క్వెబెక్‌లో సుమారు 9 గంటలు కరెంటు పోయింది. పరీక్షల ముందు ఒక్క గంట కరెంటు పోతేనే మన స్టడీ అవర్ ఏమవుతుందో మనకు తెలుసు. 1859 నాటి తుపానుకు టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి. అంతటి తుపాను కూడా మంచులో స్పష్టమైన గుర్తును వదల్లేదు, 774 నాటిది వదిలింది.