డార్ట్‌మూర్ గుట్టల్లో డబ్బాల వేట

"తాతా, ట్రెజర్ హంట్‌కి వస్తావా?" అని మనవడు అడిగితే ఇంట్లో ఆడే ఆటేదో అనుకున్నాను. 2023 సెప్టెంబరు మాట అది. ఇంగ్లండులో ఎక్సెటర్ పట్నంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళి అప్పటికి మూడు వారాలైంది. మనవడికి పదకొండేళ్ళు. నేను తెలుగులో అడుగుతాను, వాడు ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. "తిన్నావా?", "పడుకో" దాటి మా ఇద్దరి మధ్య మాట సాగేది కాదు. నాలుగు తరాలుగా హోసూరులో ఉంటూ, బడిలో తమిళం చదువుకున్నా ఇంట్లో తెలుగు వదలని కుటుంబం మాది. ఆ తెలుగు వీడి దగ్గర ఆగిపోతుందేమోనని నాకు బెంగ. అందుకే ఏ వేటైనా సరే, వస్తానన్నాను.

ఆ ఆట పేరు జియోకాషింగ్. మూత గట్టిగా పట్టే డబ్బాను ఎవరో ఒకరు రాళ్ళ సందులోనో చెట్టు మొదట్లోనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మనం జి.పి.ఎస్. పరికరమో సెల్‌ఫోనో పట్టుకొని వెళ్ళి వెతకాలి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. పెద్ద డబ్బాల్లో చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి. పందెం లేదు, బహుమతి లేదు.

ఈ ఆట ఎప్పుడు పుట్టిందో తేదీతో సహా చెప్పవచ్చు. జి.పి.ఎస్. అమెరికా సైన్యం ఏర్పాటు చేసుకున్నది. మామూలు జనానికి అందే సంకేతాలను కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేవారు. అది చూపే చోటికీ అసలు చోటికీ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞతో ఆ అడ్డు తొలగింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, ఆ చోటు అంకెలు ప్రకటించాడు. అదే మొదలు.

అయితే మేము వెళ్ళిన డార్ట్‌మూర్‌కు ఇలాంటి ఆట అంతకు ముందే తెలుసు. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు అక్కడి క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా ఉంచాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు గుర్తుగా తమ పేరు చీటీ అందులో వేసేవారు. తరువాత సీసా పోయి పెట్టెలు, రబ్బరు ముద్రలు వచ్చాయి. దాన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు.

రాతి పట్టాల మీదుగా

మా నడక 457 మీటర్ల ఎత్తున్న హేటార్ గుట్ట దగ్గర మొదలైంది. పైన రెండు పెద్ద నల్లరాతి బండలు, చుట్టూ గడ్డి, గొర్రెలు, పొట్టి గుర్రాలు. 1831లో కట్టిన లండన్ బ్రిడ్జికి ఇక్కడి క్వారీల రాయి కూడా వెళ్ళింది. ఆ రాయిని దించడానికి 1820లో బండ్ల బాట వేశారు. గుర్రాలు లాగే బండ్లు; పట్టాలు కూడా రాతివే. వాటి మీద మనవడు ఒంటికాలితో గెంతుతూ నడిచాడు.

అబ్బాయి సంచిలో ఆర్డ్‌నెన్స్ సర్వే వారి మడత పటం ఉంది. కిలోమీటరుకు 4 సెంటీమీటర్ల లెక్కన గీసినది. కాలిబాట, గోడ, వాగు అన్నీ ఉన్నాయి. తాలూకా సర్వేయరుగా రిటైరైనవాడిని, అది చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. "మనూళ్ళో నేనూ ఇలాంటివే గీసేవాణ్ణిరా, గొలుసు పట్టుకొని" అన్నాను.

"గొలుసంటే?" అన్నాడు మనవడు. తెలుగులోనే అడిగాడు!

66 అడుగులు, 100 లింకుల గొలుసు. పొలం గట్ల వెంట దాన్ని లాగిన సంగతి చెప్పాను. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో పరంగిమలై దగ్గర గొలుసుతో నేల కొలిచి, దాని ఆధారంగా దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడనీ, పని మధ్యలోనే 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడనీ చెప్పాను. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపి అడుగుతూ, వాడు నా పక్కనే నడిచాడు.

బాణం మాట నమ్మి

స్మాలకూంబ్ బండల దగ్గరికి వచ్చేసరికి పొగమంచు దిగింది. ఫోనులో బాణం నేరుగా కింది లోయవైపు చూపిస్తోంది. 140 మీటర్లే! అబ్బాయి బాట వదిలి దిగాడు, వెనక మేము. నడుమెత్తు పొదలు, కింద నాచు పట్టిన గుండ్లు. చెట్ల కిందికి వెళ్ళాక బాణం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరగసాగింది. నా కాలు రెండు గుండ్ల మధ్య జారి మోకాలు కొట్టుకుంది. మనవడి ముఖం పాలిపోయింది.

అక్కడే కూర్చొని పటం తెమ్మన్నాను. "ఒరే, బాణం గాలిలో దారి చూపిస్తోంది. మన కాళ్ళు నేల మీదున్నాయి" అన్నాను. ముగ్గురం పటం చూశాం. మధ్యలో బెకా బ్రూక్ అనే వాగు ఉంది. మేమున్న చోట దాటే దారి లేదు. వదిలి వచ్చిన బాటే చుట్టు తిరిగి, రాతి పలకలు పరిచిన చిన్న వంతెన దగ్గర వాగు దాటుతుంది. మెల్లగా పైకెక్కి ఆ బాట పట్టాం.

తప్పు పరికరానిది కాదు. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని ప్రసారం చేస్తాయి. కనీసం నాలుగింటి నుంచి సంకేతం అందితే, ఆ ఆలస్యాన్ని బట్టి పరికరం మన చోటు లెక్క కడుతుంది. ఆకాశం తెరపిగా ఉంటే తేడా కొద్ది మీటర్లే. చెట్లూ లోయ గోడలూ అడ్డొస్తే తేడా పెరుగుతుంది. ఎక్కడున్నామో అది చెబుతుంది. ఎలా వెళ్ళాలో బాణం చెప్పదు, పటం చెబుతుంది.

మన పిల్లల దగ్గరికి వెళ్ళి ఇలా నడవాలనుకునే పెద్దలకు నాలుగు మాటలు. సెల్ సిగ్నల్ లేకపోయినా జి.పి.ఎస్. పనిచేస్తుంది. అయితే ఫోనులోని పటం ముందే దించుకొని ఉండాలి. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కనుక కాగితం పటం, దిక్సూచి తప్పనిసరి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. ఆపద వస్తే 999కి ఫోను చేసి పోలీసులను, మౌంటెన్ రెస్క్యూను అడగాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. డబ్బా కోసం పాత గోడల రాళ్ళు పీకకూడదు.

డబ్బా వాగు అవతల, బాట పక్కనే ఒక చెట్టు వేళ్ళ మధ్య దొరికింది. మనవడే చూశాడు. లోపలి పుస్తకం నిండా ఇంగ్లీషు పేర్లు. వాడు పెన్సిలు నాకిచ్చి, "తాతా, తెలుగులో రాయి" అన్నాడు. నా పేరు రాశాను. వాడు నా చేతిలోంచి పెన్సిలు తీసుకొని, కింద తన పేరు తెలుగులోనే రాశాడు. ఒక దీర్ఘం తప్పిపోయింది. నేను దిద్దలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాడే హోసూరుకు ఫోను చేస్తున్నాడు. పోయిన వారం, మా పొలం గట్టు మీది సర్వే రాయి దగ్గర ఒక డబ్బా దాచమన్నాడు. వచ్చే వేసవిలో వచ్చి తనే వెతుక్కుంటాడట.